కుశలప్రశ్నకు జవాబు రానప్పుడు

పూర్వము మన ఇండ్లకు వచ్చు ఉత్తరములు 'ఉభయకుశలోపరి' అను మాటతో మొదలగుచుండెడివి. ఇక్కడ మేము క్షేమము, అక్కడ మీరును క్షేమమని తలంతుము, తిరుగు టపాలో జాబు వ్రాయవలెను అని దాని తాత్పర్యము. జాబు వచ్చినచో సంతోషము. చిరునామాదారు ఆ ఊర లేడని తపాలావారు ఉత్తరమును తిప్పి పంపినచో విచారమే కాని, సంగతి తెలిసినది గదా యను ఊరట కొంత ఉండెడిది. జాబును రాక, వేసిన ఉత్తరమును తిరిగి రాక, అరుగు మీద కూర్చుండి తపాలా జవాను దారి చూచుటయే అన్నిటికంటె కష్టమైనది. ఈ మూడు స్థితులును నేడు యంత్రములకు కలవు. వాటిని కనిపెట్టుచుండుటకు వ్రాయు చిన్న ఆజ్ఞల పట్టీని స్క్రిప్టు అందురు. అట్టి స్క్రిప్టు ఒకటి మమ్మెట్లు మోసపుచ్చినదో, ఆ మోసములో మా తప్పెంతయో చెప్పుటకే ఈ ప్రసంగము.

మేము కంఠములతో బ్రతుకువారము. గోదావరికి ఇవతల కరీంనగర్ సీమలో ఒగ్గుకథకుల డోలు, అవతల ఆదిలాబాదు అడవులలో ప్రధానుల కిక్రి, ఇవి కాగితము మీద నిలుచునవి కావు. కేస్లాపూర్ నాగోబాను కొలుచు మెస్రం వంశమువారి కథలను ప్రధానులు కిక్రి వాయించుచు గోండీలో పాడుదురు. గోండీకి గుంజాల గ్రామపు పాత వ్రాతప్రతులలో లభించిన లిపి ఒకటి కలదు; 2018లో అది యూనికోడునందును చేరినది. అయినను లిపి మాటను నిలుపునే కాని గొంతులోని జీరను నిలుపజాలదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ లభించినది; 2024లో ఆయన కన్నుమూసిరి. అట్టి పెద్దలు ఒక్కరొక్కరే దాటిపోవుచుండగా, పట్టుకొన్న శబ్దమును చేజార్చుకొనకుండుట మాబోటివారి మొదటి బాధ్యత.

కొన్ని ఏండ్ల క్రిందట మేము చేయి కలిపిన ఒక ధ్వనిసంగ్రహమున ఏర్పాటు ఇట్లుండెను. ధ్వనిముద్రణలన్నియు కరీంనగర్ వైపు ఒక గదిలోని యంత్రమున డిస్కుల మీద ఉండెను. వాటిని వినిపించు యంత్రము ఆదిలాబాదు వైపు మరియొక ఊర నుండెను. రెండును లినక్సు మీద నడచునవే. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన ఈ లినక్సు, ఎవరైనను తెచ్చుకొని వాడుకొనదగినది, విప్పి చూడదగినది. తక్కువ ధనముతో పని జరుపుకొను మావంటివారికి దానికి మించినది లేదు.

ఒక ఊరి డిస్కును మరియొక ఊరి యంత్రము తన యింటి గదివలె వాడుకొనుటకు ఎన్.ఎఫ్.ఎస్. అను పద్ధతి కలదు. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు 1984లో దీనిని రూపొందించిరి. 1989లో దాని నియమములు 1094 సంఖ్య గల పత్రముగా వెలువడినవి. ఆ సంస్థ 2010లో ఒరాకిల్‌లో లీనమైనది గాని పద్ధతి మాత్రము నిలిచియున్నది. దూరపు డిస్కును మన యంత్రములోని ఒక ఖాళీ అరకు తగిలించుటను మౌంటు చేయుట అందురు. తగిలించిన పిమ్మట ఆ అర తెరచినచో ఇరువది అడుగుల దూరమున నున్నను ఇన్నూరు కిలోమీటర్ల దూరమున నున్నను సరకు ఒకే తీరున కనబడును. వాడువానికి దూరము తెలియదు. ఈ తెలియకపోవుటయందే సుఖము, ఈ తెలియకపోవుటయందే ఆపద.

ఒక సోమవారము ఉదయము 6 గంటల 30 నిమిషములకు ఒక గోండు పెద్దాయన పాడిన పాట ప్రసారము కావలసియుండెను. ఆయన గతించి అప్పటికి కొన్ని నెలలైనది. ఇంటివారు తమ పల్లెలో రేడియో ముందు కూర్చుందుమని ముందే కబురంపిరి. ఆదివారపు అంశములన్నియు వినిపించు యంత్రములోనికే నకలు చేసి యుంచితిమి. ఈ పాట మాత్రము శనివారము సాయంకాలము కార్యక్రమమున చేర్చబడుటచే భాండారము నుండి నేరుగా తీయవలసియుండెను. శనివారము రాత్రి 9 గంటలకు కరీంనగర్ వైపు గాలివాన కొట్టి, పిడుగుపాటుకు భాండారయంత్రము ఆగిపోయెను. ఆదివారము ఆ గది తెరచువారు లేరు. ఆదిలాబాదు వైపు యంత్రమున, భాండారము సరిగా నున్నదా యని ప్రతి 5 నిమిషములకును చూచి, లోపమున్నచో మాకు ఉత్తరము వేయవలసిన స్క్రిప్టు ఒకటి ఉండెను. దానిని వ్రాయించినది మేమే. శనివారము రాత్రి గాని ఆదివారము గాని ఒక్క ఉత్తరమును రాలేదు. అంతయు కుశలమని నిద్రించితిమి.

సోమవారము తెల్లవారుజామున విధికి వచ్చిన యువకుడు, బాసర ట్రిపుల్ ఐటీలో చదువుకొన్నవాడు, మాకు ఫోను చేసెను. "సార్, మిషిను పాణంతోనే ఉన్నది గని పలుకుతలేదు. పాట తెరిస్తె గట్లనే ఆగింది. బందు చేద్దమన్న బందైతలేదు."

కరీంనగర్ వారిని లేపితిమి. వారు గది తెరచి, దెబ్బతిన్న డిస్కును తీసి, దాని స్థానమున నకలు డిస్కును అమర్చి 6 గంటలకు యంత్రమును లేపిరి. ఇక గండము గడచినదనుకొంటిమి. గడువలేదు. ఆదిలాబాదు వైపు తెర మీద క్రొత్త మాట కనబడెను: స్టేల్ ఫైల్ హ్యాండిల్. అనగా, నీ చేతిలోని చీటి పాతబడినది, చెల్లదు అని. ఆ మాటకు చేయవలసినదేమో తెలియునంతలో 6 గంటల 30 నిమిషములు దాటెను. స్థానికముగా నున్న వేరొక పాట వేసితిమి.

సుమారు 7 గంటలకు ఆ పెద్దాయన కుమారుడు ఫోను చేసెను. కోపించలేదు. "మా బాపు గొంతు అస్తదని ఇంటోళ్ళందరం కూసున్నం సార్. ఏరే పాట అచ్చింది" అని మాత్రమనెను. కోపించినచో జవాబు చెప్పుట సులభముగా నుండెడిది.

ఇక కారణమును విచారింతము. ఎన్.ఎఫ్.ఎస్.ను రూపొందించినవారు ఒక మంచి ఊహ చేసిరి. సర్వరు, అనగా సరకు నిచ్చు యంత్రము, ఎవరెవరు ఏమేమి అడుగుచున్నారో జ్ఞాపకముంచుకొన నక్కరలేదు. అడుగువాడే తనకు కావలసినదాని గుర్తును ప్రతి మారును చేతపట్టుకొని పోవును. అట్లు చేసినచో సర్వరు పడిపోయి లేచినను నష్టము లేదు. అడుగువాడు కొంతసేపు గుమ్మమున నిలిచియుండి మరల అడుగును, పని సాగును. 2000 నాటి నాలుగవ రూపమున సర్వరు కొంత జ్ఞాపకముంచుకొనుట మొదలిడినది గాని, గుర్తుచీటి మాత్రము పోలేదు.

ఆ చీటియందు ఫైలు పేరుండదు. ఏ డిస్కుభాగము, అందులో ఎన్నవ సంఖ్య, ఆ సంఖ్య ఎన్నవ మారు వాడుకలోనికి వచ్చినది, ఇట్టి గుర్తులుండును. ఈ చివరి గుర్తు ఎందులకనగా, ఫైలు తుడిచివేయబడిన పిమ్మట దాని సంఖ్యను క్రొత్త ఫైలుకు ఇచ్చుట కలదు. పత్తి మార్కెట్టులో నిన్న 27వ సంఖ్య చీటి పొందిన బండి వేరు, నేటి 27వ బండి వేరు. తేదీ చూడకున్నచో జమ్మికుంట పత్తికి రావలసిన పైకము మరియొకని చేతబడును. కనుక తేదీ కలియని చీటిని సర్వరు త్రోసిపుచ్చును. లినక్సునందు ఈ తిరస్కారమునకు 116 అను సంఖ్య కలదు.

మాకు జరిగినది ఇదియే. నకలు డిస్కు మీద పాటలన్నియు ఉన్నవి, పేర్లు అవే, గొంతులు అవే. గుర్తులు మాత్రము వేరు. మధ్యమానేరు జలాశయమున మునిగిన ఊళ్ళవారు ఇప్పుడు వేరుచోట కాలనీలలో నివసించుచున్నారు. ఊరి పేరు పోలేదు, మనుష్యులును వారే. పాత ఇంటి నంబరు మాత్రము నీటి అడుగున నున్నది. పాత నంబరుకే ఉత్తరము వ్రాయువాడు ఊరు లేదనుకొనును. వాడు చేయవలసినది క్రొత్త చిరునామా అడుగుట. యంత్రభాషలో, ఆ మౌంటును విప్పి మరల తగిలించుట. ఎవరో దానిని వాడుకొనుచుండుటచే విప్పుటకు వీలు కాకున్నచో, ముందు పేరును తొలగించి, వాడుకొనువారు వెడలిన పిమ్మట విప్పు పద్ధతియు కలదు; దానికి లేజీ అన్‌మౌంటు అని సోమరి పేరు పెట్టిరి. ఆ ఉదయము ఈ రెండు ఆజ్ఞలు తెలిసియున్నచో రెండు నిమిషముల పని. ఇరువురు డిస్కు మార్చినను గుర్తు మారకుండ సర్వరు వైపు డిస్కుభాగమునకు స్థిరసంఖ్య నియమించు వీలును కొంతవరకు కలదు గాని, అందలి ఫైళ్ళ సంఖ్యలు మారినప్పుడు అది చాలదు.

కాని మమ్ము ఎక్కువగా బాధించినది చెల్లని చీటి కాదు. దానికి ముందటి 33 గంటల మౌనము. మా స్క్రిప్టు ఆ కాలమంతయు ఏమి చేయుచుండెను?

అది ఆడించినది డీఎఫ్ అను సామాన్యమైన ఆజ్ఞ. డిస్కులన్నిటిని అడిగి ఎంత ఖాళీ యున్నదో చెప్పునది. స్థానికమైన డిస్కు వెంటనే చెప్పును. దూరపు డిస్కును అడుగవలెనన్నచో ఆ సర్వరు పలుకవలెను. పలుకనప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు రెండు విధములైన మౌంటులు కలవు. హార్డు మౌంటు ఎంతకాలమైనను ఎదురుచూచును. సాఫ్టు మౌంటు కొన్ని మారులడిగి, ఇక రాదని చెప్పి మరలివచ్చును. తొందరపడి సాఫ్టే మేలనుకొనవద్దు. వ్రాయుచున్న ఫైలు సగములో విడిచివచ్చినచో ఆ ఫైలు పాడగుట కలదు. అందుచేతనే హార్డునే సామాన్యనియమముగా నుంచిరి. మాదియు హార్డే. కనుక డీఎఫ్ అడిగినది, జవాబు లేదు, గుమ్మమున నిలిచిపోయినది.

దాని వెనుక నున్న మా స్క్రిప్టు, డీఎఫ్ తిరిగివచ్చిన తరువాత చదివి ఉత్తరము వ్రాయవలసినది. డీఎఫ్ రాలేదు. స్క్రిప్టు నిలిచిపోయినది. 5 నిమిషములకు క్రాన్ అను గంటకొట్టువాడు మరియొక స్క్రిప్టును పంపెను, అదియు నిలిచెను. గంటకు 12. 33 గంటలకు 396. దొంగలు పడిన యింటికి ఒక తలారిని పంపి, వాడు రాకపోగా మరియొకని పంపి, ఇట్లు 396 మంది తలారులను ఒకే గుమ్మమున నిలిపి, ఎవరును ఏమియు చెప్పలేదు గనుక అంతయు క్షేమమని మేము పండుకొంటిమి.

ఈ కథకు ఒక ఉపసంహారము కలదు. 6 గంటలకు నకలు డిస్కుతో సర్వరు లేవగానే గుమ్మమున నున్న 396 మందికిని ఒక్కమారుగా జవాబు దొరికెను, చీటి చెల్లదని. ఒక్కొక్కరును ఒక్కొక్క ఉత్తరము వేసిరి. మా పెట్టెలో 396 ఉత్తరములు. అప్పటికి మాకు ఆ సంగతి తెలియనిది కాదు. ఆ దినమున నవ్వలేకపోతిమి.

మరియొక వింత. లినక్సునందు యంత్రభారమును చెప్పు సంఖ్య ఒకటి కలదు. ఇట్లు ఎదురుచూచుచు మేలుకొనని పనులను కూడ ఆ సంఖ్యలో లెక్కింతురు. కనుక యంత్రము మెదడు ఖాళీగా నున్నను భారము 400 దాపునకు ఎక్కినది. ఆ సంఖ్యను చూచుచుండినను శనివారము రాత్రియే పసిగట్టియుందుము. దూరమున నున్న చిక్కును చూచుటకు దూరము పోనక్కరలేదు, ఇంటిలోనే జాడలుండును.

ఆ వారమున ఆ యువకుడును మేమును కూర్చుండి స్క్రిప్టును మరల వ్రాసితిమి. మేమనుట మర్యాదకు, వ్రాసినవాడు ఆతడే. మేము ప్రశ్నలు వేసితిమి, టీ తెప్పించితిమి.

మొదట ఏ డిస్కులు తగిలింపబడియున్నవో తెలుసుకొనవలెను. ఇందుకు డిస్కులను అడుగరాదు. లినక్సు తన వద్దనే ఆ పట్టికను ప్రాక్ మౌంట్స్ అనుచోట ఉంచుకొనును. దానిని చదువుటకు ఏ దూరపు సర్వరును పలుకనక్కరలేదు. ఆ పట్టికలోని ఎన్.ఎఫ్.ఎస్. పంక్తులను ఏరి, ఒక్కొక్కదాని కడకు వేర్వేరుగా ఒక్కొక్క దూతను పంపవలెను. ఒకడు చిక్కుకొన్నచో మిగిలినవారి పని ఆగరాదు.

ప్రతి దూతకును గడువు పెట్టవలెను. టైమౌట్ అను ఆజ్ఞ ఇందుకే కలదు. మేము 10 సెకండ్లు పెట్టితిమి. గడువు దాటినచో ముందు మర్యాదగా రమ్మనును, అప్పటికిని రానిచో తొమ్మిదవ సంఖ్య గల ఖండితాజ్ఞ నిచ్చును. పూర్వము ఈ ఎదురుచూపు నిద్రను ఆ ఆజ్ఞయు భంగపరుపజాలకుండెను. యంత్రమును ఆర్పి వెలిగించుటయే శరణ్యము. 2008లో వెలువడిన 2.6.25వ లినక్సు మొదలు ఖండితాజ్ఞ చాలవరకు పనిచేయుచున్నది. చాలవరకు అనుచున్నాము, ఎల్లప్పుడు అనుటలేదు. అందుచే ఆ యువకుడు ఇంకొక జాగ్రత్త చేసెను. మునుపటి విడత దూత ఇంకను గుమ్మముననే యున్నచో క్రొత్తవానిని పంపక, ఆ సంగతినే మాకు వ్రాయును. 396 మంది చేరు కథ ఇక లేదు.

దూత ఏమి అడుగవలెను? ఇక్కడ మేము ఇంకొక మారు మోసపోబోయితిమి. అర యున్నదా యని మాత్రమడిగినచో, ఇంతకు ముందు తెలుసుకొన్న సంగతిని కొన్ని సెకండ్లపాటు తన యొద్దనే దాచుకొను అలవాటు యంత్రమునకు కలదు. సర్వరు పడిపోయినను 'ఉన్నది' అని చెప్పవచ్చును. అంతకంటె ప్రమాదమైనది మరియొకటి. అసలు మౌంటు జరుగనేలేదనుకొందము. అప్పుడు మిగిలినది మన యంత్రములోని ఖాళీ అర. అది తలుపు తట్టగానే సంతోషముగా పలుకును! లోపల ఒక్క పాటయు ఉండదు. కనుక భాండారములో ఒక చిన్న గుర్తు ఫైలు నుంచి, దూత దానిని తెరచి చదివి, అందలి మాట సరియైనదని చూచి రావలెనని నిర్ణయించితిమి. ఫైలును తెరచునప్పుడు ఎన్.ఎఫ్.ఎస్. సామాన్యముగా సర్వరును మరల అడుగును.

జవాబులు మూడు తెరగులుగ వచ్చును. గుర్తు సరియైనచో క్షేమము. చీటి చెల్లదన్నచో, స్క్రిప్టే మౌంటును విప్పి తగిలించుటకు ఒక్కమారు యత్నించి, ఫలితమును మాకు వ్రాయును. ఒక్కమారే, మరల మరల విప్పి తగిలించు యంత్రము మనుష్యుని పనికి అడ్డువచ్చును. గడువు దాటినచో స్క్రిప్టు దేనిని ముట్టరాదు. దారి తెగినదో, సర్వరు పడినదో, 2049వ సంఖ్య ద్వారము మూయబడినదో చూచి మనుష్యునికి చెప్పవలెను. ఈ మూడవదానియందు ఆ యువకునికి మాకు వాదము జరిగెను. యంత్రమే అన్నియు చక్కబెట్టవలెనని ఆతని ఉత్సాహము. అవతలి గదిలో ఎవరు ఏ డిస్కును చేతపట్టుకొని యున్నారో తెలియక ఇవతల నుండి చేయి చేసుకొనరాదని మా భయము. వయసు మాది గనుక మా మాట నెగ్గినది. ఆతనిది తప్పని ఇప్పటికిని చెప్పజాలము.

ఇక మిగిలినది కాపలావానికి కాపలా. పాత స్క్రిప్టు లోపమున్నప్పుడే వ్రాయును, లేనిచో మౌనము. చచ్చిన కాపలావాడును మౌనముగనే యుండును. కనుక క్రొత్తది ప్రతి విడత చివరను 'చూచితిని' అని కాలమును నమోదు చేయును. ఆ కాలము 15 నిమిషములకంటె పాతబడినదా యని కరీంనగర్ వైపు యంత్రము చూచును. కరీంనగర్ నమోదును ఆదిలాబాదు చూచును. మార్గమధ్యమున రోడ్డు త్రవ్వువారి పారకు తీగ తెగినప్పుడు రెండు ఊళ్ళ నుండియు ఒకేమారు ఫిర్యాదు వచ్చును. అప్పుడు ఏ యంత్రమును చెడలేదని, తీగ వెంట పోవలెనని తెలియును. ఇట్లు రెండుమారులు జరిగినది. అర్ధరాత్రి ఫోను మ్రోగినప్పుడు ఎవరు లేవవలెనను ప్రశ్న మాత్రము స్క్రిప్టుతో తీరలేదు. వారమునకొకరము వంతు వేసికొన్నాము.

పాటను మరుసటి సోమవారము వేసితిమి. ముందునాడే దానిని వినిపించు యంత్రములోనికి నకలు తీసి, ఉదయము 5 గంటలకు పోయి స్వయముగా తెరచి విని వచ్చితిమి. ప్రసారమైన పిమ్మట కుమారుడు ఫోను చేసి, ఈ పాట మాకు ఇత్తురా సార్ అని అడిగెను. ఒక పెన్‌డ్రైవులో ఇచ్చి పంపితిమి. ఇప్పుడు ఆ పాట కరీంనగర్ వైపు డిస్కులోను, ఆదిలాబాదు వైపు నకలులోను, ఆ పల్లెలోని ఇంట చెక్కపెట్టెలోను ఉన్నది. మొదటి రెండు చోట్లను ప్రతి 5 నిమిషములకును స్క్రిప్టు చూచివచ్చుచున్నది. మూడవదానిని పండుగ దినమున ఇంటివారు తీసి వినుచున్నారట.